నేల టికెట్టు నేలను అమ్ముకోవద్దు: మా మున్సిపాలిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, కౌన్సిల్ సభ్యులందరికీ,

నమస్కారం. పాత టూరింగ్ టాకీసు స్థలం గురించి మీకు ఇప్పటికి మూడుసార్లు రాశాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు, జవాబు రాలేదు. రెండోది సోమవారం అర్జీల రోజున చేతికిచ్చాం. పది రోజులకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారా అని స్థలం దగ్గరికి వెళ్ళి చూస్తే కొత్తగా సర్వే రాళ్ళు పాతి ఉన్నాయి. మూడోసారి సమాచార హక్కు చట్టం కింద అడిగాం. 30 రోజుల్లో చెప్పాలని 2005 నాటి చట్టం అంటోంది. రెండు నెలలు దాటింది. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప మాకు వేరే దారి కనిపించలేదు.

ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు, కింద పార్కింగు కడతారని, షాపులు వేలం వేస్తారని వింటున్నాం. మున్సిపాలిటీకి ఆదాయం కావాలి, కాదనడం లేదు. కానీ ఆ నేల ఏమిటో, దాని మీద ఎవరు కూర్చున్నారో ఫైల్లో ఉండదు. అది చెప్పడానికే ఈ లేఖ.

నేనెవరో ముందు చెబుతాను. మా నాన్న ఆ హాల్లో ఆపరేటరు. మా అమ్మ పక్కనే పొగాకు గ్రేడింగు కొట్లో కూలి. నేను మున్సిపల్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ లేఖ కింద సంతకాలు పెట్టినవాళ్ళలో మగ్గం నేసేవాళ్ళు, రిక్షా తొక్కి మానేసినవాళ్ళు, పారిశుధ్య కార్మికులు, కొట్లలో ఇంకా పని చేస్తున్న ఆడవాళ్ళు ఉన్నారు.

టూరింగ్ టాకీసు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. కొన్నాళ్ళు ఆడి, విప్పుకుని, ఇంకో ఊరికి పోవడానికి లైసెన్సు తీసుకున్న హాలు అది. సరివి బాదులు, తడికలు, తాటాకు కప్పు, ఒక చివర తెల్ల తెర, ఇంకో చివర మట్టి గోడల మిషను గది. లైసెన్సు గడువు అయిపోయినప్పుడల్లా రెన్యువల్ చేయించుకుంటూ చాలా ఊళ్ళలో ఇవి ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండిపోయాయి. మాదీ అంతే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను రాత్రి మా హాలు కప్పు మొత్తం గాలికి లేచిపోయింది. ఓనరు మళ్ళీ తాటాకు కప్పించలేదు. చుట్టూ తడికలు కట్టించి, ఆకాశం కిందే ఆటలు మొదలుపెట్టాడు. వానాకాలం ఆటలు తగ్గేవి, వేసవిలో మాత్రం ఇదే హాయిగా ఉందని జనం రెట్టింపయ్యారు.

టికెట్టు మూడు రకాలు: నేల, బెంచీ, కుర్చీ. నేలంటే నేలే. ఏటి ఇసుక బండ్లతో తోలించి పోసేవారు. వెనక కూర్చున్న పిల్లలకు ముందువాళ్ళ తలలు అడ్డం. అందుకని ఇసుకను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, కుప్ప చేసుకుని, దాని మీద కూర్చునేవాళ్ళం. ముందువాడు చూసి ఇంకా ఎత్తు కుప్ప పోసుకునేవాడు. ఆట అయ్యేసరికి నేలంతా గుంటలు, దిబ్బలు. మర్నాడు పొద్దున్నే ఒక ముసలామె పార పట్టుకుని చదును చేసేది. ఇసుకలో దొరికిన చిల్లర పైసలు ఆమెవే. ఓనరు ఏనాడూ అడగలేదు.

ఆడవాళ్ళకు పక్కన తడిక అడ్డం కట్టి వేరే నేల. గ్రేడింగు సీజను ఎండాకాలం. అమ్మా వాళ్ళు పొద్దంతా కొట్లో కూర్చుని ఆకు రంగు చూసి, మచ్చ చూసి వేరు చేసేవాళ్ళు. పొగాకు ఘాటు చీరకు, జుట్టుకు పట్టేసేది. ఇంటికొచ్చి స్నానం చేసి, మాకు అన్నం పెట్టి, మొదటి ఆటకు అందకపోతే రెండో ఆటకు వెళ్ళేవాళ్ళు. అమ్మ ఒక మాట అనేది, ఇప్పటికీ అంటుంది: ‘ఊరు మొత్తమ్మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది అక్కడేనే. ఇంట్లో కూర్చుంటే ఏదో ఒక పని. గుడి అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు లే అంటారు. టికెట్టు కొన్నాక లే అనేవాడు లేడు.’ నేల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగినవాళ్ళు లేరు. మా పేటలో నాలుగు కులాల వాళ్ళు అంత దగ్గర దగ్గరగా మరెక్కడా కూర్చోలేదు. కుర్చీ క్లాసులో ఎవరు కూర్చునేవారన్నది వేరే సంగతి.

మా నాన్న పని గురించి కూడా చెప్పాలి. అప్పుడు బల్బులు కావు. రెండు కార్బన్ కడ్డీల మొనల మధ్య కరెంటు మండించి ఆ వెలుగుతోనే తెర మీద బొమ్మ వేసేవారు. కడ్డీలు కాలుతున్నకొద్దీ మధ్యలో సందు పెరుగుతుంది, బొమ్మ మసకబారుతుంది, నేల నుంచి ఈలలు మొదలవుతాయి. నాన్న నల్లద్దంలోంచి ఆ మంటను చూస్తూ, మర కొంచెం కొంచెం తిప్పుతూ కడ్డీలను దగ్గరికి జరుపుతుండాలి. ఆట నడిచినంతసేపూ ఆ మర వదలడానికి లేదు. ఇన్నేళ్ళు సినిమాలు వేసిన మనిషి ఏ సినిమానూ కుదురుగా చూడలేదు. మాటలు విని కథ చెప్పేవాడు. కాలిపోగా మిగిలిన కార్బన్ ముక్కలు మా అన్నదమ్ములకు గోడల మీద రాసుకునే బలపాలు. నాన్న కుడి చేతి మీద నిప్పురవ్వల మచ్చలు పోయేదాకా ఉన్నాయి.

అప్పట్లో పట్నం హాళ్ళలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి కాబట్టి ఒక రీలు అయిపోతూ ఉండగానే ఇంకోటి అందుకునేది. మా హాల్లో ఒకటే ప్రొజెక్టరు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. రెండు వేల అడుగుల రీలు 22 నిమిషాల్లో ఖాళీ. అప్పుడు లైట్లు వేసి కొత్త రీలు ఎక్కించాలి. ఆ రెండు మూడు నిమిషాల్లోనే వేరుశనక్కాయల బుట్టలు, మరమరాల పొట్లాలు, గోళీ సోడా కీచుమనే చప్పుడు. ఇలా ఆటకు ఐదారు ఇంటర్వెళ్ళు. ఒక్కో ఇంటర్వెల్ మీద పది కుటుంబాలకు రాత్రి అన్నం నడిచేది.

సినిమా బస్సు మీద వచ్చేది. ఇనప పెట్టెల్లో రీళ్ళు. సాయంత్రమయితే పేటలో అందరి నోటా ఒకటే మాట: ‘పెట్టె వచ్చిందా?’ విజయవాడలో, గుంటూరులో ఆడి ఆడి గీతలు పడ్డాకే ప్రింటు మా దాకా వచ్చేది. నెలలు పట్టేది, ఒక్కోసారి ఏడాది. ఆ గీతలను మేము వాన అనుకునేవాళ్ళం.

ఇదంతా ఒక పేట జ్ఞాపకం, మున్సిపాలిటీకి ఏం సంబంధం అని మీరు అనవచ్చు. మన సినిమా చరిత్రే డేరాలోంచి వచ్చింది సార్. 1896 జూలైలో బొంబాయిలో ఒక హోటల్లో మన దేశపు మొదటి ఆట పడింది, దొరల కోసం. దాన్ని జనం దగ్గరికి మోసినవాళ్ళు డేరావాళ్ళు. తిరుచ్చి రైల్వేలో గుమాస్తాగా ఉన్న సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి ఆయన దగ్గర ప్రొజెక్టరు కొని, డేరా వేసుకుని ఊరూరా తిరిగాడు. మన మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫొటోగ్రాఫరుగా ఉంటూ క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించుకుని, డేరా వేసి బొమ్మలు చూపించారు. రంగూను, సిలోను దాకా వెళ్ళారు. ఆ తర్వాతే మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. బెజవాడలో మారుతీ హాలు వచ్చింది 1921లో. ఆయన పేరు మీద మన ప్రభుత్వం సినిమావాళ్ళకు అవార్డు పెట్టింది, సంతోషం. ఆయన చేసిన పనినే మా పేటలో నాన్నలాంటివాళ్ళు చేశారు. ఆ పని జరిగిన చోటును గుర్తుపెట్టుకోమని మేము అడుగుతున్నాం.

హాలు ఎందుకు మూతపడిందో కూడా దాచను. టీవీ వచ్చింది, ఆదివారం సాయంత్రం సినిమా ఇంట్లోకే వచ్చింది. వీడియో క్యాసెట్లు, తర్వాత కేబులు. చివరి దెబ్బ డిజిటల్. ప్రింట్లు పోయి సినిమా శాటిలైటు మీద, హార్డ్‌డిస్కుల్లో రావడం మొదలయ్యాక, ఆ కొత్త మిషన్లు పెట్టే స్తోమత టూరింగ్ ఓనర్లకు లేదు. మా హాలు ఓనరు కుటుంబం లీజు వదులుకుని వెళ్ళిపోయింది. హాలు పోయింది కానీ నేల మిగిలింది. పొద్దున పిల్లల క్రికెట్టు, సాయంత్రం ఆడవాళ్ళ కబుర్లు, ఏడాదికోసారి వినాయకుడి పందిరి, యూనియన్ల మీటింగులు అన్నీ అక్కడే. తెర కట్టిన గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. దాని మీద సున్నం పెచ్చులు ఊడుతున్నాయి, అంతే.

కాంప్లెక్సు కడితే మామూలు జనానికి ఏమవుతుందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. మా పేట వాళ్ళకు సినిమా అందదు. ఊళ్ళో ఇప్పుడున్నవి బైపాసు పక్కనున్న ఏసీ హాళ్ళు. నలుగురున్న కుటుంబం ఆటోలో వెళ్ళి, సినిమా చూసి, పిల్లలకు ఒక పాప్‌కార్న్ కొనిచ్చి తిరిగొస్తే కొట్లో ఒక మనిషి రోజు కూలి చాలదు. ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో జీవో 35 ఇచ్చినప్పుడు పల్లెల్లో ఏసీ లేని హాల్లో కింది క్లాసుకు 5 రూపాయలు అని పెట్టింది. 2022 మార్చిలో జీవో 13తో కనీస ధర 20కి పెంచింది. మొన్న 2025 సెప్టెంబరులో వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గించారు. చవక టికెట్టూ, పన్ను తగ్గింపూ కాగితం మీద మాలాంటివాళ్ళ కోసమే. ఆ టికెట్టు అమ్మే హాలు మా పేటలో లేనప్పుడు ఆ తగ్గింపు ఎవరికి చేరుతుంది?

2. ఆడవాళ్ళు ఇంటికే పరిమితమైపోతారు. ఫోన్లో సినిమా ఉంది కదా అని మా వార్డు మెంబరు గారే అన్నారు. ఇంట్లో ఒక ఫోను ఉంటే అది మగపిల్లాడి చేతిలో ఉంటుంది. ఉన్నా, వంట చేస్తూ అరచేతిలో చూడడం, పక్కింటావిడతో కలిసి నడిచి వెళ్ళి చూడడం ఒకటి కావు. పొద్దుపోయాక ఆడవాళ్ళు నలుగురూ కలిసి, ఎవరి అనుమతీ అడగకుండా వెళ్ళిన చోటు మా పేటలో ఆ ఒక్కటే.

3. కోల్డ్ స్టోరేజీల్లో, కట్టడం పనుల్లో ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుర్రాళ్ళు వందల్లో ఉన్నారు. రేకుల షెడ్డుల్లో పడుకుంటారు. ఆదివారం పోవడానికి వాళ్ళకు మందు షాపు తప్ప ఏముంది? వాళ్ళ భాష సినిమా నెలకొకటి వేసినా చాలు, వాళ్ళూ ఊళ్ళో మనుషులవుతారు.

4. బుట్టల వాళ్ళు, తోపుడు బండ్ల వాళ్ళు రోడ్డున పడతారు. కాంప్లెక్సులో షాపు వేలం పాడే శక్తి వాళ్ళకు లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళ బతుకు తెరువుకు రక్షణ ఇవ్వాలంటోంది. ఇప్పుడు ఆ స్థలం అంచున సాయంత్రం బండ్లు పెట్టుకునేవాళ్ళను ఎక్కడికి పంపుతారో మీ ప్లానులో ఉందా? మాకు చూపించలేదు కాబట్టి అడుగుతున్నాం.

5. రైలు కట్టకు ఇవతల మా పేటకు ఖాళీ జాగా అంటే అదొక్కటే. ఇళ్ళు గోడకు గోడ ఆనించి ఉంటాయి. చావు వచ్చినా, పెళ్ళి వచ్చినా టెంటు వేయడానికి ఇంకెక్కడా చోటు లేదు.

ఇక మీ ఆఫీసులో మాకు చెప్పిన అభ్యంతరాలు. ‘ఓపెన్ హాళ్ళు ప్రమాదం, అగ్నిప్రమాదాలు జరిగాయి’ అన్నారు. నిజమే. 1979లో తూత్తుకుడిలో పాక హాలు తగలబడి పదుల మంది చనిపోయారు. ఆపరేటరు ఇంట్లో పుట్టినదాన్ని, నిప్పు భయం నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నాన్న మిషను గదిలో ఇసుక బకెట్లు నిండా లేకపోతే ఆట మొదలుపెట్టేవాడు కాదు. కానీ కాలింది తాటాకు. మేము తాటాకు కప్పు అడగడం లేదు, కప్పే అడగడం లేదు. ఇప్పుడు ఫిల్ము లేదు, కార్బన్ మంటా లేదు. 1997 జూన్‌లో ఢిల్లీ ఉపహార్ హాల్లో 59 మంది చనిపోయారు, అది పక్కా సిమెంటు హాలు. పొగ నిండిపోయి, బయటికి దారులు మూసుకుపోయి ఊపిరాడక పోయారు. నాలుగు వైపులా దారి ఉన్న మైదానంలో కూర్చోవడం దాని కంటే ప్రమాదం ఎలా అవుతుందో ఇంజనీరు గారు మాకు అర్థమయ్యేలా చెప్పాలి.

‘ఈ రోజుల్లో ఇవి ఎక్కడా లేవు’ అన్నది రెండో మాట. మహారాష్ట్రలో జాతర వచ్చిందంటే లారీల మీద ప్రొజెక్టరు, డేరా వేసుకుని వచ్చే టూరింగ్ టాకీసులు ఈ మధ్య కాలం దాకా తిరుగుతూనే ఉన్నాయి. 2021 ఆగస్టులో లదాఖ్‌లోని లేహ్‌లో, 11,562 అడుగుల ఎత్తున, గాలి నింపి నిలబెట్టే మొబైల్ థియేటరు పెట్టారు. గ్రీసు రాజధాని ఏథెన్సులో వేసవి రాత్రుళ్ళు ఆకాశం కింద సినిమాలు వేసే పేట హాళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి, 1930ల్లో పెట్టినవి కూడా. మన ఎండాకాలం రాత్రులకు అంతకంటే తగిన ఏర్పాటు ఏముంటుంది?

మూడోది, ‘మున్సిపాలిటీకి ఆదాయం ఏదీ’. ఊళ్ళో ఇప్పటికే కట్టిన మున్సిపల్ షాపుల్లో షట్టర్లు దించి ఉన్నవి ఎన్నో బజారులో నడిచిన ఎవరికైనా కనిపిస్తాయి. ఉన్నవి నిండకుండా కొత్తవి కట్టడం దేనికి? టికెట్టు మీద, బండ్ల అద్దె మీద వచ్చేది తక్కువే అవుతుంది, ఒప్పుకుంటున్నాం. పార్కు మీద, లైబ్రరీ మీద లాభం చూడని మున్సిపాలిటీ దీని దగ్గర మాత్రం ఎందుకు చూడాలి?

కాబట్టి మేము అడిగేవి ఇవి.

1. స్థలంలో పని, షాపుల వేలం వెంటనే ఆపండి. ప్లాను, అంచనాలు, స్థలం రికార్డు తెలుగులో వార్డు ఆఫీసు గోడకు అంటించండి. మా పేటలోనే, కూలివాళ్ళు ఇంటికొచ్చే వేళ చూసి, సాయంత్రం ఏడు తర్వాత మీటింగు పెట్టి అభ్యంతరాలు వినండి. పొద్దున పదకొండింటికి పెడితే మేము రాలేం.

2. ఆ నేల బహిరంగ సినిమా మైదానంగా, పగలు పిల్లల ఆటస్థలంగా ఉంటుందని కౌన్సిల్ తీర్మానం చేయండి. పెద్ద కట్టడాలు వద్దు. పాత తెర గోడకు మరమ్మతు, కింద ఇసుక, మంచినీళ్ళు, లైట్లు, ఆడవాళ్ళకు తలుపులకు గడియలున్న మరుగుదొడ్లు. ముసలివాళ్ళకు, నడవలేనివాళ్ళకు ముందు వరసలో బెంచీలు. ఇంతే.

3. డిజిటల్ ప్రొజెక్టరు పెట్టించి వారానికి రెండు రాత్రులు ఆటలు వేయించండి. టికెట్టు 20 రూపాయలు దాటకూడదు. నడిపే పని మా పేట డ్వాక్రా సంఘాలకు ఇవ్వండి. లెక్క ప్రతి నెలా బోర్డు మీద రాస్తారు.

4. సినిమా లైసెన్సు ఇచ్చే అధికారం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద జిల్లా అధికారులది. కలెక్టరు గారికి కూడా ఈ లేఖ కాపీ పంపుతున్నాం. ఇలాంటి చిన్న మైదానాలకు అనుమతి ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఒక్కచోటే ఇప్పించండి. ఫైరు, కరెంటు తనిఖీల్లో మాత్రం మాకు ఏ మినహాయింపూ వద్దు. గట్టిగా చేయండి.

5. మిషను గదిలో మిగిలిన పాత ప్రొజెక్టరు మున్సిపల్ గోడౌనులో తుప్పు పడుతోంది. దాన్ని తుక్కు కింద అమ్మొద్దు. శుభ్రం చేయించి లైబ్రరీలో పెట్టండి, ఎలా పనిచేసేదో పిల్లలకు చెప్పే బాధ్యత నాది. ఆ హాల్లో పనిచేసిన గేటు మనిషి, పోస్టర్లు అంటించిన ఆయన, రిక్షాలో మైకు పట్టుకుని తిరిగిన ఆయన ఇంకా ఉన్నారు. వాళ్ళ మాటలు రికార్డు చేయించండి. ఇది ఆలస్యం చేయడానికి లేదు, పోయినేడాది ఇద్దరు పోయారు.

6. ఇప్పుడు అక్కడ బండ్లు పెట్టుకుంటున్న వాళ్ళందరి పేర్లూ రాసి, వాళ్ళకు గుర్తింపు కార్డులు, అక్కడే చోటు ఇవ్వండి.

ఈ నెల కౌన్సిల్ సమావేశం అజెండాలో ఈ విషయం పెట్టమని, మాలో ఇద్దరికి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వమని కోరుతున్నాం. పెట్టకపోయినా ఆ రోజు మేము ఆఫీసు ముందుకు వస్తాం, వచ్చి కూర్చుంటాం. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు, తనూ వస్తానంటోంది. మోకాళ్ళు వంగవు, ఇప్పుడు నేల మీద కూర్చోలేదు. దయచేసి ఆమెకు ఒక కుర్చీ వేయించండి.

ఇట్లు,
టూరింగ్ టాకీసు పేట వాసుల తరఫున,
ఒక ఆపరేటరు కూతురు